జామిన్ రూపాయి

గుడివాడ పేరెత్తితే చాలు, యాసిన్‌కి ఒళ్ళు మండేది. ఊరేం చేసింది పాపం, ఊళ్ళో ఉన్న ఒక్క మనిషి చేశాడు. కోపానికి ఆ తేడాలన్నీ ఎక్కడ తెలుస్తాయి! బందరు బస్టాండులో గుడివాడ బోర్డు పెట్టుకున్న బస్సు కనపడినా మొహం పక్కకి తిప్పుకునేవాడు.

యాసిన్ బందరులో పాత నాణేల వ్యాపారి. వ్యాపారి అన్నానని అద్దాల బీరువాలూ ఏసీ కొట్టూ అనుకునేరు. కోనేరు సెంటరు దగ్గర ఒక సందులో, గడియారాలు బాగుచేసే ఆయన పక్కన, ఒక మడత బల్ల. అంతే. అంతకు ముందు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ గొలుసులకి పూత పూసేవాడు. తండ్రి మజీద్ చేసిందీ అదే పని. ఆ పూత మందు తొట్లలోంచి లేచే ఆవిరికి తండ్రి ఛాతీ చెడి, దగ్గి దగ్గి పోయాడు. కొడుక్కీ అదే దగ్గు మొదలయ్యేసరికి భార్య అర్షియా ఏడ్చి గోల చేసింది. ఇక ఆ గుమ్మం తొక్కనని ఆమెకి మాటిచ్చి, తనకి చిన్నప్పట్నుంచీ పిచ్చి ఉన్న నాణేల్లోకి దిగాడు.

అందులోనూ అతని పిచ్చి వేరు. రంగు మారిన నాణేలే కావాలి. వెండి రూపాయిని వాడకుండా వదిలేస్తే నల్లబడుతుందని అందరికీ తెలుసు. కానీ ఎక్కడో ఒకటి, ఏ గుడ్డలోనో కాగితంలోనో చుట్టి ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచితే, నల్లబడేలోపు దాని మీద రంగులు దిగుతాయి. అంచున తేనెరంగు, కొంచెం లోపలికి వంగపండు రంగు, ఆ లోపల నెమలి మెడ నీలం. అలాంటి రూపాయి కోసం కలెక్టర్లు, అదే, నాణేలు పోగుచేసేవాళ్ళు, ప్రాణం పెడతారు. మన ఆడవాళ్ళు మాత్రం కంటపడగానే చింతపండేసి తోమి తళతళలాడించి పెడతారు. అందుకే యాసిన్ పల్లెలు తిరుగుతూ, "తోమకండమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఎలా ఉందో అలాగే చూపించండి" అని గుమ్మంలోంచే మొత్తుకునేవాడు.

ఇందులో దొంగ సరుకు లేకపోలేదు. గంధకం పొగ పెట్టి, లేదా ఉడికించిన గుడ్డు పచ్చసొనతో కలిపి డబ్బాలో మూసి, వారంలో రంగు తెప్పించే ఘనులున్నారు. వాటిని వండిన నాణేలంటారు. వండుతాడని పేరు పడిందా, ఇక వాడి బల్ల మీద ఈగ కూడా వాలదు.

ఆ పేరే పడింది యాసిన్‌కి.

పోయిన ఏడు గుడివాడలో ఒక కల్యాణ మండపంలో డెల్టా నాణేల సంఘం వాళ్ళ సభ జరిగింది. సంఘానికి అధ్యక్షుడు శ్యామ్ సుందర్. ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్మే పెద్ద షోరూము యజమాని. నాణేల విషయంలో ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆయన యాసిన్ బల్ల దగ్గర ఆగి, ఉయ్యూరులో ఒక ముసలామె పెట్టెలో దొరికిన నీలం రూపాయిని ఎత్తి, భూతద్దం పెట్టి చూశాడు. నిజానికి ఆ రూపాయిలో ఏ కల్తీ లేదు. శ్యామ్ సుందర్ నవ్వి, చేతిలో ఉన్న మైకులోనే అన్నాడు.

"ఇది కాలం వేసిన రంగు కాదండీ, చిలకలపూడి వేసిన రంగు. గొలుసులకి పూత పూసినట్టే రూపాయిలకీ పూసేశాడు. వీళ్ళకది అలవాటేగా!"

హాలంతా ఘొల్లుమంది. వీళ్ళకి అంటే ఎవరికి? పూత పని వాళ్ళకా, సాయిబులకా? ఆ ఒక్క మాటని యాసిన్ ఏడాది పొడుగునా నమిలాడు. మింగుడు పడలేదు, ఉమ్మేయనూ లేకపోయాడు. సంఘం వాట్సాప్ గ్రూపులోంచి అతన్ని తీసేశారు. హైదరాబాదు నుంచి ఫోన్లు చేసే కలెక్టర్లు ఎత్తడం మానేశారు. పక్కనున్న గడియారాలాయన కూడా, "ఎందుకొచ్చిన గొడవ బావా, మళ్ళీ పూత పనికి వెళ్ళిపోరాదూ" అన్నాడు. ఆ మంచి మాటకి అతని పీక పిసకాలనిపించింది యాసిన్‌కి. ఈ ఏడు సభలో తన పేరు మీద పడ్డ మచ్చ పోతే బల్ల ఉంటుంది, పోకపోతే మళ్ళీ ఆ తొట్లే, ఆ దగ్గే. మూడో దారి లేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే అతనికి తండ్రి చెప్పిన పాత కథ గుర్తొచ్చింది. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమై వెళ్తుంటే, ఒక నాణేన్ని గుడ్డ పేలికలో ముడేసి కుడి జబ్బకి కడతారు. ఇమాం జామిన్ అంటారు దాన్ని. ఈ మనిషి క్షేమానికి ఇమామే పూచీ అని. క్షేమంగా చేరాక ముడి విప్పి, ఆ నాణేన్ని బీదవాళ్ళకి దానం చేయాలి. యాసిన్ ఇంకా తల్లి కడుపులో ఉండగా, దివిసీమలో ఉన్న తాతగారి పడవ అమ్మాలని మజీద్, అమ్మకూడదని అతని అక్క నాగూర్ బీ భీకరంగా పోట్లాడుకున్నారు. మజీద్ పెళ్ళాన్ని తీసుకుని బందరు బయల్దేరాడు. అంత కోపంలోనూ నాగూర్ బీ పద్ధతి తప్పకుండా, వాళ్ళమ్మ మిగిల్చిన, రాణి బొమ్మున్న వెండి రూపాయిని ఆకుపచ్చ గుడ్డలో ముడేసి తమ్ముడి జబ్బకి కట్టింది. మజీద్ దాన్ని పటుక్కున పీకి ఆమె కాళ్ళ దగ్గర విసిరేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తొక్కలేదని గొప్పగా చెప్పుకునేవాడు కూడా. "ఇప్పటికీ ఆ ముడి విప్పకుండా వంటింట్లో దూలానికి వేలాడదీసుకుందిట, మొండి ముండ" అని నవ్వేవాడు.

నలభై ఏళ్ళ పైగా గుడ్డలో ముడేసి ఉన్న వెండి రూపాయి! వంటింటి పొగలో, దివిసీమ ఉప్పుగాలిలో, ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ చింతపండుతో తోమకుండా!

"ఆ రూపాయి జోలికెళ్ళకండి," అంది అర్షియా, సంగతి వినగానే. "అది అమ్ముకునేది కాదు. దానం సొత్తు."

"అమ్ముతానన్నానా? చూపిస్తానన్నాను."

"మీ కళ్ళు చూస్తే తెలుస్తోంది లెండి, చూపించే కళ్ళో అమ్మే కళ్ళో."

యాసిన్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

దివిసీమలో కోడూరు అవతల పల్లెలో, రేకుల ఇంటి ముందు పట్టా పరిచి, నాగూర్ బీ చేటతో ఎండు రొయ్యలు చెరుగుతోంది. సన్నగా, నిటారుగా ఉంది మనిషి. వయసు వంచలేదు. ఆవిడ చుట్టూ వాసన పట్టిన గోనెసంచులు. అల్లంత దూరంలోనే యాసిన్ మొహం చూసి ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టాయి. పోలికలు చెప్పేశాయి కాబోలు.

"నేను పుప్పమ్మా, యాసిన్‌ని," అన్నాడు. మేనత్తని వాళ్ళిళ్ళల్లో అలాగే పిలుస్తారు. "మజీద్ కొడుకుని."

"మజీద్ ఎవరో నాకు తెలీదు. నాకో తమ్ముడుండేవాడు. వాడు పోయాడని, మూడోనాటి ఫాతిహా అన్నం తినొచ్చినోళ్ళు చెప్తే తెలిసింది నాకు. అరిసెల రుచి చెప్పినట్టు చెప్పారు, బిర్యానీ బాగుందంట."

"కబురు పెట్టొద్దని నాన్నే అన్నాడు."

"చచ్చేవాడు సవాలక్ష అంటాడు. బతికున్నోడివి, నీకు బుద్ధుండక్కర్లా? కడసారి మొహం చూసే యోగ్యత కూడా లేదట్రా నాకు?"

కూర్చోమని ఆవిడ అనలేదు. మంచినీళ్ళ మాటే లేదు. యాసిన్ ఎండలో నిలబడే, తిన్నగా అసలు సంగతి చెప్పేశాడు. దూలానికున్న రూపాయి కావాలన్నాడు.

నాగూర్ బీ చేట కింద పెట్టి మరీ నవ్వింది.

"అనుకున్నా. చావుకి పిలవని చుట్టం రూపాయి కోసం వచ్చాడు. నీకంటే మీ నాన్నే నయం రా, విసిరికొట్టాడేగానీ ఏరుకోడానికి రాలేదు. పో, పో. ఎండెక్కుతోంది."

"ఉంచుకుని ఏం చేస్తావ్ దాన్ని? నీ పంతాన్ని ఉట్టి కట్టి వేలాడదీసుకున్నావ్. పీర్ల చావిడిలో జెండా మల్లే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నావా?"

ఆవిడ చేటెత్తి కొట్టడానికే లేచింది. అతను కదల్లేదు. కదలకపోగా, అరవబోయి దగ్గు తెరలో చిక్కుకున్నాడు. వంగిపోయి, మోకాళ్ళు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు. నాగూర్ బీ చేయి కిందికి దిగింది.

"వాడు కూడా ఇట్టాగే దగ్గేవాడా?"

యాసిన్ తలూపాడు. ఊపిరందాక, గుడివాడలో జరిగింది చెప్పాడు. మైకూ, నవ్వులూ, వీళ్ళకి అన్న మాటా. ఈ రూపాయి లేకపోతే మళ్ళీ ఆ తొట్ల దగ్గరికే పోవాలని కూడా చెప్పాడు. బతిమాలుతున్నట్టు కాదు, పోట్లాడుతున్నట్టే చెప్పాడు. ఆ వంశంలో బతిమాలటం ఎవరికొచ్చు గనక!

ఆవిడ లోపలికి వెళ్ళి, కర్రతో దూలం మీద నుంచి ఏదో దింపి తెచ్చింది. రంగు పోయి, మసిబారి, ఉప్పు పట్టి రాయిలా బిగుసుకున్న చిన్న గుడ్డ ముడి.

"విను. ఇది అమ్మేది కాదు, కొనేది కాదు. వాడు ఎప్పటికైనా ఈ గడపలోకొస్తే, వాడి చేత్తోనే ఒక బీదవాడికి ఇప్పించాలని ఉంచా. వాడు రాలా. నీ అవసరానికైతేనేం, నువ్వొచ్చావ్. పట్టుకెళ్ళు. ఎవడికి చూపించుకుంటావో చూపించుకో, నీ పేరు నిలబెట్టుకో. కానీ ఆఖరికి అది బీదవాడి చేతిలో పడాలి. మీ నాన్న సమాధి మీద ఒట్టెయ్."

"ఒట్టు."

"ఊ. ఇంక కనపడకు."

ముడి తెచ్చిన రోజు నుంచి యాసిన్‌కి కంటిమీద కునుకు లేదు. విప్పి చూసుకుంటే ఏమవుతుంది? అర్షియా కూడా అంది, "లోపల నల్లటి బొగ్గుముక్క ఉంటే నలుగురిలో ఏం చేస్తారు? ఒకసారి చూసుకోండి" అని. కానీ విప్పాడా, నువ్వే లోపల పెట్టి ముడేశావంటాడు ఆ గుడివాడ మనిషి. ముడి విప్పకపోవడమే సాక్ష్యం. ఉంటే రంగు, లేకపోతే బొగ్గు. తాడో పేడో అక్కడే తేలాలనుకుని జేబులో వేసుకున్నాడు.

సభ రోజు పామర్రు మీదుగా గుడివాడ చేరేసరికి మండపం నిండా జనం. బల్లల మీద కాసులూ, డబ్బులూ, కంపెనీ అణాలూ. యాసిన్‌కి బల్ల ఇవ్వలేదు. అడగలేదు కూడా. తిన్నగా వేదిక దగ్గరికి వెళ్ళాడు. సంఘం కార్యదర్శి రామచంద్రమూర్తి గారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, కంగారుగా లేచారు.

"ఎందుకు బాబూ, మళ్ళీ గొడవ..."

"ఉండండి మూర్తిగారూ," అన్నాడు శ్యామ్ సుందర్ కుర్చీలో వెనక్కి వాలి. "ఏవయ్యా, ఈ ఏడు ఏం వండుకొచ్చావ్? కూరా, పులుసా?"

ముందు వరసలో నవ్వులు. యాసిన్ ముడిని బల్ల మీద పెట్టాడు.

"వండలేదండీ. కనీసం మూత కూడా తియ్యలేదు. మా నాన్నకి కట్టిన జామిన్ ఇది. నా వయసెంతో ఈ ముడి వయసంత. మీకు నచ్చినవాళ్ళ చేత మీరే విప్పించండి. లోపలున్నది నల్లగా ఉంటే ఈ జిల్లాలో మళ్ళీ నాణెం ముట్టుకోను. రంగుంటే మాత్రం, పోయినేడు ఏ మైకులో అన్నారో ఆ మైకులోనే తప్పు చెప్పాలి."

శ్యామ్ సుందర్ ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దారాలు ఒకదాంట్లో ఒకటి అతుక్కుపోయి, ముడిమడతల్లో ఏళ్ళ నాటి మసి పేరుకుని ఉంది. నలుగురూ చుట్టూ మూగారు. తప్పించుకునే వీల్లేదు. "విప్పండి మూర్తిగారూ, బాగోతం చూద్దాం," అన్నాడు.

రామచంద్రమూర్తి గారు సూది తెప్పించుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక్కో పోగునీ సుతారంగా లాగారు. బయట మసి రంగులో ఉన్న గుడ్డ లోపలి మడతల్లో ఇంకా ఆకుపచ్చగానే ఉంది. ఆఖరి మడత తీశారు. రాణి బొమ్మ పైకి వచ్చింది.

నల్లగా ఉంది. చచ్చు నలుపు. మూకుడు అడుగులా ఉంది.

"అయ్యో," అన్నారు మూర్తిగారు. శ్యామ్ సుందర్ పకపకా నవ్వాడు. "మాడిపోయిందయ్యా నీ వంట!" అన్నాడు. హాలు హాలంతా అందుకుంది. యాసిన్‌కి చెవులు మూసుకుపోయినట్టయింది. చిలకలపూడి ఆవిరి వాసన అప్పుడే ముక్కుకి తగిలింది. రూపాయిని తీసుకోబోతే, మూర్తిగారు అతని చెయ్యి ఆపి, "రెండో వైపు చూడనీ బాబూ," అంటూ అంచులు పట్టుకుని తిప్పారు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

అంచు చుట్టూ తేనెరంగు. లోపలికి వస్తూ వంగపండు రంగు, ఆ మధ్యలో, రూపాయి అన్న అక్షరాల మీద, నెమలి నీలం. ఆ నీలంలో సన్నటి గళ్ళు. నిలువు గీతలూ అడ్డ గీతలూ, గుడ్డ నేత మొత్తం వెండి మీద అచ్చు దిగింది. మూర్తిగారు పక్కనున్న పేలికని రూపాయి మీద ఉన్న గళ్ళ పక్కన పెట్టారు. పోగుకి పోగు సరిపోయింది. ఏ గంధకం పొగా ఆ పని చేయలేదు. నలభై ఏళ్ళు కదలకుండా ఒకే గుడ్డని కావలించుకుని ఉండాలి.

శ్యామ్ సుందర్ భూతద్దం తీసుకున్నాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. ఎంత చెడ్డవాడైనా నాణెం తెలిసినవాడు. అబద్ధం చెప్పడానికి కళ్ళు ఒప్పుకోలేదు.

"అసలుదే," అన్నాడు మెల్లగా.

"మైకులో అండీ."

మొహం గంటు పెట్టుకుని మైకు తీసుకున్నాడు. "ఈ రూపాయి అసలుది. ఇంత మంచి రంగు నేను చూళ్ళేదు. పోయినేడు నేనన్నది... తొందరపాటు."

"వీళ్ళకి అన్నారు కదండీ. ఆ మాట కూడా."

శ్యామ్ సుందర్ దవడలు బిగుసుకున్నాయి. "ఆ మాట కూడా తప్పే," అని మైకు కింద పెట్టాడు. మూర్తిగారు చప్పట్లు కొట్టారు, వెనక నలుగురు కలిశారు. యాసిన్ గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. అక్కడితో పేలిక మడిచి, రూపాయి జేబులో వేసుకుని ఇంటికి వచ్చేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. వస్తాడా! మజీద్ కొడుకాయె.

శ్యామ్ సుందర్ కళ్ళు ఆ రూపాయిని వదల్లేదు. పరువు పోయిన సంగతే మర్చిపోయాడు. "ధర చెప్పు," అన్నాడు. "బేరం ఆడను. ఎంతంటే అంత."

ఆ ఒక్క క్షణం యాసిన్ నిజంగానే ఊగాడు. ఆ డబ్బుతో అద్దాల బీరువా, సొంత కొట్టు, అర్షియాకి ఊరట. అర్షియా చెప్పిన అమ్మే కళ్ళు అవే కాబోలు. కానీ ఒట్టు అడ్డొచ్చింది. ఒట్టు వెనకాలే, ఏడాదిగా కడుపులో ఉడుకుతున్నది పైకి తన్నుకొచ్చింది.

"ఇది అమ్మేది కాదండీ," అన్నాడు, అందరికీ వినపడేలా. "దానం చెయ్యాల్సింది. బీదవాడి చేతిలోనే పెడతానని మా మేనత్తకి ఒట్టేశాను. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను. ఈ హాల్లో మీకంటే బీదవాడు నాకు కనపడలేదు. నిజం ఒక్క ముక్క బయటికి తియ్యడానికి ఏడాది పట్టింది మీకు, పాపం. చెయ్యి పట్టండి సార్. ధర్మం."

శ్యామ్ సుందర్ మొహం కందగడ్డయింది. "తీసుకోకండి సార్," అని మూర్తిగారు గొణిగారు. లేచి యాసిన్ చెంప పగలగొడతాడనే అనుకున్నారు అందరూ. కానీ నీలం రంగు రూపాయి కళ్ళ ముందే ఉంది. కాదంటే అది గుమ్మం దాటిపోతుంది, జన్మలో దొరకదు. కలెక్టర్ బుద్ధి పాడుగాను, చెయ్యి దానంతటదే చాచుకుంది. యాసిన్ పైనుంచి, రెండు వేళ్ళతో, కోడికి నూక వేసినట్టు రూపాయిని అందులో వదిలాడు. వెనక ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. ఈసారి హాలు ఘొల్లుమన్నది శ్యామ్ సుందర్ని చూసి.

యాసిన్ ఇంటికి వెళ్ళలేదు. ఆ రాత్రి బస్టాండులోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే దివిసీమ బస్సెక్కాడు. కనపడకు అన్న మాట గుర్తులేక కాదు. ఈ గెలుపు చెప్పుకోడానికి లోకంలో ఇంకెవరున్నారు? పులిగడ్డ వంతెన మీద బస్సు వెళ్తుంటే, శ్యామ్ సుందర్ అరచెయ్యి చాచిన సంగతి తల్చుకుని ఒక్కడే నవ్వుకున్నాడు.

నాగూర్ బీ రొయ్యలు ఏరుతూ అంతా విన్నది. రంగు ఎలా ఉందో అతను చెప్తుంటే మాత్రం ఒకసారి లోపల దూలం వైపు చూసింది. అంతా అయ్యాక అడిగింది.

"అంటే వాడి మొహాన కొట్టావన్నమాట."

"ఇచ్చాను పుప్పమ్మా. చేతిలోనే పెట్టాను. ఒట్టు తప్పలేదు."

"మీ నాన్నా ఇచ్చాడ్రా. నా కాళ్ళ దగ్గర పడేసి, ఇదిగో నీ జామిన్, అడుక్కుతినేవాళ్ళకి నువ్వే ఇచ్చుకో అన్నాడు. అదే చెయ్యి, అదే విసురు. నువ్వు గుమ్మంలోకి రాగానే అనుకున్నా."

"వాడు నన్నేమన్నాడో తెలుసుగా నీకు! నలుగురిలో..."

"నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాడు. నువ్వు వాణ్ణి చేశావ్. మీరిద్దరూ సరిపోయారు. మధ్యలో నా తమ్ముణ్ణెందుకు లాగావురా?" ఆవిడ గొంతు లేచింది. "ఆ రూపాయి కింద కూచుని నలభై ఏళ్ళు అన్నం వండుకున్నాను. ఎప్పటికైనా వాడి పేరు చెప్పి ఒక్కడి చేతిలో పడితే, ఆ ఒక్కడూ కడుపునిండా ఒక్క దీవెన ఇస్తాడని. దెప్పి పెట్టిన దానం దానమట్రా? బూడిదలో పోసిన పన్నీరు. ఇకనుంచి ఆ గుడివాడోడు దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడల్లా ఎవర్ని తిట్టుకుంటాడనుకున్నావ్? నిన్నూ, నిన్ను కన్నోణ్ణీ. మట్టిలో ఉన్నోడికి దీవెన పంపమంటే తిట్లు పంపావ్."

యాసిన్ లేచి, చెప్పులు వేసుకున్నాడు.

"ఆగు."

లోపలికి వెళ్ళి పాత ఆకుపచ్చ ఓణీ ఒకటి తెచ్చి, పళ్ళతో కొరికి పర్రున చించింది. బొడ్లో సంచిలోంచి ఒక పది రూపాయల బిళ్ళ తీసి, ఆ పేలికలో ముడేసి, అతని కుడి జబ్బకి కట్టింది. ప్రేమగా కట్టిందనుకునేరు. నరం తెగేలా బిగించింది.

"బందరు చేరాక ఎవరికైనా ఇవ్వు. నోరు మూసుకుని ఇవ్వు. చేతకాదంటావా, ఇక్కడే పీకి పారెయ్. మీకలవాటేగా."

ఉక్రోషంతో యాసిన్ ఎడంచెయ్యి ముడి మీదకి వెళ్ళింది. నాగూర్ బీ అలాగే చూస్తూ నిలబడింది. ఆవిడ రెప్ప వెయ్యడం లేదని గమనించాడు. చెయ్యి దించేసి, బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాడు.

దారంతా జబ్బ సలుపుతూనే ఉంది. సందె వేళకి బందరు బస్టాండులో దిగాడు. బయటి గోడ వారగా, సత్తు గిన్నె ముందు పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. యాసిన్ ముడి విప్పి, వంగి, చప్పుడు కాకుండా బిళ్ళని గిన్నెలో పెట్టాడు. వెనక్కి తిరిగేలోపు ఆమె తలెత్తి అడిగింది.

"ఎవరి పేరు మీద నాయనా?"

నోరు మూసుకుని ఇవ్వమంది పుప్పమ్మ. అయినా అడిగినదానికి చెప్పకపోతే ఎలా?

"నాగూర్ బీ తమ్ముడి పేరు మీద," అన్నాడు.

ముసలామె రెండు చేతులూ ఎత్తింది. "ఆ అక్కా తమ్ముడూ ఒకళ్ళకొకళ్ళు తోడుగా నూరేళ్ళు చల్లగా ఉండాలి," అంది.

తమ్ముడు లేడని చెప్పబోయి, యాసిన్ నోరు మూసుకున్నాడు.